నినాదాల మీద మా అభ్యంతరాలు

ఎన్నికలున్నా లేకపోయినా కొన్ని మాటలు మన చెవుల్లో మోగుతూనే ఉంటాయి. సాధికారత, సామాజిక న్యాయం, సమ్మిళిత అభివృద్ధి, సమూల మార్పు, అట్టడుగు వర్గాల అభ్యున్నతి. ఫ్లెక్సీల మీద ఇవే, కరపత్రాల్లో ఇవే, మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చే ముఖ్య అతిథుల ప్రసంగాల్లోనూ ఇవే. ఏ పార్టీ అన్నది లెక్క లేదు. జెండా రంగు మారుతుంది గాని మాటలు మారవు. ఈ మాటలన్నీ ఎవరి గురించి అని చూస్తే ఎక్కువగా మన గురించే. అందువల్ల వీటి మీద మాట్లాడే హక్కు అందరికన్నా ముందు మనకే ఉందని మేము, అంటే ఈ హాస్టల్‌లో పీజీ చదువుతున్న కొందరం, అనుకుంటున్నాం.

మా ఆలోచన విన్న మిత్రులు కొందరు "మీది పాత చింతకాయ పచ్చడి" అన్నారు. మరొకరు "కన్జర్వేటివ్‌లు" అని పేరు పెట్టారు. ఆ పేరుకు మేము ఉలిక్కిపడలేదు. కష్టపడి సంపాదించుకున్నదాన్ని పారబోసుకోకూడదు, కొత్తది తెస్తానన్నవాడే అది పాతదానికన్నా మేలని చూపించాలి, ఆవేశం కన్నా చట్టం గట్టిది, హక్కుతో పాటు బాధ్యతనూ అడగాలి. ఇవి పాత భావాలైతే మేము పాతవాళ్లమే. ఒక రాజకీయ మాట మంచిదా కాదా తేల్చడానికి మేము పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఎవరి పేరు చెప్పి ఆ మాట అన్నారో ఆ మనిషే ఏడాది తర్వాత వచ్చి "ఏమైంది?" అని అడగగలగాలి. అలా అడగడానికి వీల్లేని మాట ఎంత అందంగా ఉన్నా మనకు అక్కరకు రాదు.

మొదట "సాధికారత" తీసుకుందాం. మా అమ్మల్లో చాలామందికి ఈ మాటకు నోరు తిరగదు. వాళ్లకు సంఘం అంటే తెలుసు, పొదుపు అంటే తెలుసు. ఈ పొదుపు వెనుక ఒక చరిత్ర ఉంది. కొత్తగా చేరిన తమ్ముళ్లకు తెలియకపోవచ్చు కనుక కాస్త వివరంగా రాస్తున్నాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం బాగా నడిచింది. పగలంతా కూలికి పోయి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ ఇళ్ల సంగతులు కూడా అక్కడ మాట్లాడుకున్నారు. మాటల్లో సారా సంగతి వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఊరి నుంచి ఊరికి పాకి, చివరకు 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. (1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997కల్లా ఎత్తేశారు. అది వేరే కథ.) సారాకు పోయే డబ్బు కొంత ఇంట్లో మిగిలింది. మిగిలిన దాంట్లో రోజుకు ఒక రూపాయి దాచుకుందామని నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు మొదలయ్యాయి.

ఇందులో "సాధికారత" అన్న మాట ఎక్కడుంది? రోజుకు రూపాయి, నెలకు ముప్పై. ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, అన్నీ పుస్తకంలో ఉంటాయి. చదువు రాని సభ్యురాలు కూడా తన లెక్క నోటితో చెప్పగలదు. ఆ తర్వాత పెద్దవాళ్లు వచ్చి దీనికి మహిళా సాధికారత అని పేరు పెట్టారు. పేరు పెట్టడం నేరం కాదు. కానీ పేరుతో పాటు కర్త కూడా మారిపోయాడు, అదీ మా అభ్యంతరం. పొదుపు చేసేది అమ్మ. సాధికారత "కల్పించేది" ప్రభుత్వం. మొదటి వాక్యంలో పని చేసిన మనిషి రెండో వాక్యంలో చేతులు చాచి నిలబడింది. తెలుగు వ్యాకరణం వచ్చిన ఎవరైనా ఈ తేడా చూడవచ్చు.

ఇంకా కొన్నాళ్లకు "ఆర్థిక సమ్మిళితం" అనే మాట వచ్చింది. పేదవాళ్లందరినీ బ్యాంకింగ్‌లోకి తేవాలి అని దాని అర్థమట. ఆ మాట నీడనే మైక్రోఫైనాన్స్ కంపెనీలు మన పల్లెల్లో దిగి, ఒకే ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున అప్పులిచ్చి, వారం వారం కిస్తీ వసూలు చేశారు. కట్టలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వాటికి ముకుతాడు వేయవలసి వచ్చింది. పొదుపు అన్నంతకాలం డబ్బు ఇంటివైపు నడిచింది. సమ్మిళితం అన్నాక అప్పు ఇంటివైపు నడిచింది. సంఘాలు మంచివే, బ్యాంకు అప్పూ అవసరమే, దాన్ని మేము కాదనడం లేదు. మాట మారినప్పుడు లెక్క కూడా మారిందా అని చూసుకోమంటున్నాం.

ఇక మనల్ని పిలిచే పేర్లు. ఈ విషయంలో మన పెద్దలు మనకన్నా తెలివైనవాళ్లు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ పెట్టుకుంటే, హైదరాబాదు నుంచి వెళ్లి అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ ఆ "పంచమ" అన్న పేరునే ఒప్పుకోలేదు. సభ ఆది ఆంధ్ర అనే పేరు తీసుకుంది. మన పేరు మనమే పెట్టుకుంటాం అన్నారన్నమాట. తర్వాత గాంధీజీ "హరిజన" అన్నారు, 1933లో ఆ పేరుతో పత్రిక కూడా పెట్టారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ దేవుడి బిడ్డలు అని పొగిడించుకుంటే బావి దగ్గర నీళ్లు దొరకవు. అంబేడ్కర్ ఆ పేరును ఒప్పుకోలేదు. 1982లో కేంద్రం ధ్రువపత్రాల్లో ఆ మాట రాయవద్దని రాష్ట్రాలకు చెప్పింది. ఆ తర్వాత బడుగు, బలహీన, అణగారిన, అట్టడుగు అంటూ ఎన్నో వచ్చాయి. వీటిలో ఒక్కటైనా మనం అద్దంలో చూసుకుని అనుకునే మాటా? బలహీన వర్గం అని రోజూ వింటూ పెరిగిన పిల్లవాడికి తన బలం ఎప్పుడు తెలుస్తుంది?

మాకు నచ్చిన మాట వేరే ఉంది. అది చాలా పొడి మాట. షెడ్యూల్డ్ కులాలు. అందులో కవిత్వం లేదు, జాలి లేదు, పొగడ్త లేదు. 1935 చట్టంలో వచ్చిన మాట. రాజ్యాంగంలో 341వ అధికరణం, 1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి ఒక జాబితా. షెడ్యూలు అంటేనే జాబితా. జాబితాలో ఉన్నావా లేదా, అంతే. ఎమ్మార్వో ఆఫీసులో సర్టిఫికెట్ కోసం తిరిగిన ప్రతివాడికీ తెలుసు, అక్కడ అణగారిన వర్గం అని ఎంత గట్టిగా అరిచినా పని కాదు, జాబితాలో వరస సంఖ్యే పని చేస్తుంది. మనల్ని ఇంత దూరం మోసుకొచ్చింది ఈ ఆఫీసు మాటే గాని వేదిక మీద మాటలు కావు.

సామాజిక న్యాయం గురించి కూడా ఇదే. అది రాజ్యాంగ ప్రవేశికలోనే ఉన్న మాట, దాన్ని తప్పు పట్టడానికి మేమెవరం. కానీ ప్రవేశికలో రాసినవాళ్లు దాన్ని అక్కడితో వదిలేయలేదు. అంటరానితనం రద్దు అని 17వ అధికరణం రాశారు, ఉద్యోగాల్లో వాటా గురించి 16వది రాశారు. మద్రాసు ప్రభుత్వం కాలేజీ సీట్లకు ఇచ్చిన ఉత్తర్వు చంపకం దొరైరాజన్ కేసులో 1951లో కొట్టుడుపోతే, అదే ఏడాది మొదటి సవరణ చేసి 15(4) చేర్చారు. మాట వెనుక ఒక అంకె, అంకె వెనుక ఒక కోర్టు. ఈ రోజుల్లో అంకె లేకుండానే మాట వాడుతున్నారు. టికెట్ ఇచ్చినా సామాజిక న్యాయమే, శాలువా కప్పినా సామాజిక న్యాయమే. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం గాని, మన రాష్ట్రంలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం గాని తీసి చదవండి. జనాభా నిష్పత్తి ప్రకారం ఇంత డబ్బు అని ఉంటుంది. ఎంత పెట్టారు, ఎంత ఖర్చు చేశారు, ఎక్కడికి మళ్లించారు అని అడగవచ్చు. సామాజిక న్యాయాన్ని మళ్లించారా అని ఎవరిని అడుగుతాం?

ఈ సందర్భంలో రాజ్యాంగ సభలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1948 నవంబరు 15న కె.టి. షా అనే సభ్యుడు మొదటి అధికరణంలోనే సెక్యులర్, ఫెడరల్, సోషలిస్ట్ అనే మూడు మాటలు చేర్చాలని సవరణ పెట్టారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజం ఏ పద్ధతిలో నడవాలో కాలాన్ని బట్టి ప్రజలే తేల్చుకోవాలి, రాజ్యాంగంలో ముందే బిగించేస్తే వాళ్ల స్వేచ్ఛను తీసేసినట్టే అన్నది ఆయన మొదటి కారణం. కావలసిన పనులు ఆదేశిక సూత్రాల్లో ఇప్పటికే ఉన్నాయి గదా, మళ్లీ ఈ మాట ఎందుకు అన్నది రెండో కారణం. పని రాసి ఉన్నచోట బిరుదు అక్కర్లేదన్న ఆ తీరు మాకు చాలా నచ్చింది. ఆ తర్వాత ఆ సామ్యవాద, లౌకిక పదాలు ప్రవేశికలో ఎప్పుడు చేరాయి? 1976లో, 42వ సవరణతో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, ప్రతిపక్ష నాయకులు జైళ్లలో ఉండగా. వాటిని తీసేయాలని వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. తీసేయాలని మేమూ అడగడం లేదు. మాట చేరిన రోజుల్లో దేశంలో పౌరుల హక్కులు ఎలా ఉన్నాయో గుర్తు పెట్టుకోమంటున్నాం. నిజం చెప్పాలి గనక ఇదీ రాస్తున్నాం, మాకు ఇష్టమైన ప్రాథమిక విధులు కూడా అదే సవరణలో వచ్చాయి. పిల్లలకు చదువు చెప్పించడం తల్లిదండ్రుల విధి అని 2002లో మరొకటి కలిపారు. మా ఇళ్లలో ఆ అధికరణం చదివినవాళ్లు లేరు. డిగ్రీ దాకా వచ్చింది మా తరంలోనే. చదవకుండానే ఆ విధి నెరవేర్చారు.

ఇప్పుడు మన కడుపు సంగతి, ఫీజు సంగతి. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎప్పటిదో తెలుసా? 1944 నాటిది. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడుగా ఉన్నప్పుడు పట్టుబట్టి తెప్పించింది. స్వాతంత్ర్యం కన్నా మూడేళ్లు పెద్దది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక మన సీనియర్ అన్నలు ఎందరో ఇంజనీర్లయ్యారు, దానికి ఎవరికి దక్కవలసిన మంచిపేరు వాళ్లకు దక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లో దానికే 2020లో విద్యా దీవెన, వసతి దీవెన అని పేర్లు పెట్టారు, ముందు ముఖ్యమంత్రి పేరు చేర్చి. 2024లో ప్రభుత్వం మారింది, పేరూ మారింది. దీవెన అన్న మాట దగ్గర ఆగండి. దీవెన పెద్దలు ఇస్తారు, ఇవ్వకపోతే అడగలేం. స్కాలర్‌షిప్ ఆగితే "బకాయి" అంటాం, బకాయి అడగవచ్చు. 2025 నవంబరులో మన రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు ఫీజు బకాయిల కోసం బంద్ చేసినప్పుడు ఎవరూ దీవెన అనలేదు, సాధికారత అనలేదు, అందరి నోటా ఒకటే మాట, బకాయి. కాలేజీకి సర్కారు నుంచి డబ్బు రాలేదని మన సర్టిఫికెట్లు ఆపితే, ఉద్యోగానికి వెళ్లవలసిన పిల్లవాడు అప్పు చేసి విడిపించుకుంటే, ఆ నష్టాన్ని చెప్పడానికి కూడా అదే మాట కావాలి.

మెస్ చార్జీలు కూడా చూడండి. 2024 చివర్లో మన రాష్ట్రంలో ఇంటర్ నుంచి పీజీ దాకా విద్యార్థులకు నెలకు 1,500 రూపాయల నుంచి 2,100కు పెంచారు. రోజుకు 70 రూపాయలు. టిఫినూ, రెండు పూటల భోజనమూ అందులోనే. పెంచినందుకు సంతోషం. 70 రూపాయలు అన్నది మంచి మాట. దాన్ని పట్టుకుని బియ్యం, పప్పు, గుడ్లు, నూనె ధరలతో లెక్క వేయవచ్చు. సరిపోయిందా లేదా మెస్ కమిటీలో కూర్చున్న ఇంటర్ తమ్ముడు కూడా చెప్పగలడు. అదే "పోషకాహార విప్లవం" అంటే ఏం లెక్క వేస్తాడు?

అభివృద్ధి గురించి ఎక్కువ రాయం. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో విజన్ 2020 అన్నారు. 2020 వచ్చింది. ఆ మార్చిలో కరోనాకు హాస్టళ్లు మూసి మనల్ని ఇళ్లకు పంపారు, సిగ్నల్ కోసం చెట్లెక్కి ఆన్‌లైన్ పాఠాలు విన్నవాళ్లు మనలో ఉన్నారు. ఇప్పుడు ఢిల్లీ నుంచి ఇక్కడిదాకా అందరి నోటా 2047. ఈరోజు ఇరవై మూడేళ్ల మేము అప్పటికి నలభైల్లో ఉంటాం. ఈ మాట చెబుతున్నవాళ్లలో జవాబు చెప్పడానికి ఎందరు మిగులుతారు?

మా మీద వచ్చిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా తప్పుకోలేం. మొదటిది, "ప్రభుత్వం తిండి తింటూ కన్జర్వేటివ్ మాటలేమిటి?" ఉచితాలు వద్దనే పత్రికల వాళ్లు కూడా ఇదే అడుగుతారు. మా జవాబు, హాస్టల్ ఉచితం కాదు. పన్ను కట్టేవాళ్లు డబ్బిస్తున్నారు, అగ్గిపెట్టె కొన్న మా నాన్నలు కూడా అందులో ఉన్నారు. 46వ అధికరణం ప్రభుత్వం మీద పెట్టిన బాధ్యత ఇది. అది ఆదేశిక సూత్రమే, కోర్టు ద్వారా అమలు చేయించలేనిదే. అయినా బాధ్యత బాధ్యతే. అందుకు మన వైపు బాధ్యత కూడా ఉంది. అన్నం పారేయకపోవడం, హాజరు తప్పకపోవడం, పరీక్ష పాసవడం, స్థిరపడ్డాక ఒక తమ్ముడి చేయి పట్టుకోవడం. ఈ సంచిక చదువుతున్న పాత విద్యార్థుల్లో ఈ చివరి పని చేసినవాళ్లు చాలామంది ఉన్నారు, పేర్లు రాస్తే కోప్పడతారు.

రెండోది అసలైన ప్రశ్న. "పాతదాన్ని కాపాడాలంటున్నారే, ఆ పాతదే కదా మనల్ని ఊరి బయట ఉంచింది?" ఈ ప్రశ్న అడిగిన అన్నను గౌరవిస్తున్నాం. కులం పాతదే. కానీ పాతవన్నీ ఒకటి కావు. గుంటూరు జిల్లా రంగా గారు, రాజాజీ కలిసి 1959లో స్వతంత్ర పార్టీ పెట్టి లైసెన్సు, పర్మిట్ల రాజ్యాన్ని ఎదిరించినప్పుడు వాళ్ల వాదనలో పస ఉంది, కానీ ఆ పార్టీలో రాజులకూ భూస్వాములకూ దొరికిన చోటు మన వాడలకు దొరకలేదు. అందుచేత వాళ్ల పాతది వేరు, మన పాతది వేరు. మనం కాపాడుకోవలసిన పాతవి ఇవి. 1944 స్కాలర్‌షిప్, 1950 రాజ్యాంగం, ఈ హాస్టళ్లు, అమ్మల పొదుపు పుస్తకాలు. "వ్యవస్థంతా కుళ్లిపోయింది, కూల్చి కట్టాలి" అన్నప్పుడు కూలేవాటిలో ఇవీ ఉంటాయి. పెద్దింటి పిల్లలకు వ్యవస్థ కూలినా తాత కట్టిన ఇల్లుంటుంది. మనకు? 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు వేరే దారులు అక్కర్లేదన్నారు, రాజకీయాల్లో వ్యక్తిపూజ ప్రమాదమనీ అన్నారు. ఆయన విగ్రహాలకు దండలు వేసేవాళ్లు ఈ రెండు మాటలూ దాటేస్తున్నారు.

నెమ్మదిగా చేస్తే ఏమవుతుంది అని అడిగేవాళ్లకు ఎస్.ఆర్. శంకరన్ గారిని చూపిస్తాం. ఐఏఎస్ అధికారి. ఉమ్మడి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా ఆయన చేసింది ఫైళ్ల మీద సంతకాలు, జీవోలు, పల్లెల్లో పర్యటనలు. 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని కాగితం మీద నుంచి దింపి మనుషుల దగ్గరికి తీసుకెళ్లారు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010 అక్టోబరులో పోయారు. ఆయన గురించి చెప్పేవాళ్లు ఆయన ఏం చేశారో చెబుతారు, ఏ నినాదం ఇచ్చారో చెప్పరు.

వచ్చే నెల జరిగే వక్తృత్వ పోటీకి మేము ఒక నియమం అడుగుతున్నాం, వార్డెన్ సార్ సరేనన్నారు. ఈ వ్యాసం మొదట్లో రాసిన మాటల్లో ఏది వాడినా, ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా అన్నది అదే వాక్యంలో చెప్పాలి. చెప్పకపోతే ఒక మార్కు పోతుంది. మాతో ఒప్పుకోని అన్నలు, అక్కలు జవాబు రాసి పంపితే వచ్చే సంచికలో మార్చకుండా వేస్తాం. వాళ్లకూ ఇదే నియమం వర్తిస్తుంది.